మూడోసారీ "నావెల్టీ లేదు" అని వచ్చింది. రెండు రోజుల ప్రపోజల్ ట్రైనింగ్ వల్ల ఉపయోగం ఉంటుందా?

నల్లగొండ_బోరు
కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, చేరి ఆరేళ్ళయింది. పరిశోధన గ్రాంట్ కోసం మూడోసారి పెట్టిన ప్రపోజల్ కూడా నిన్న వెనక్కి వచ్చింది. ఏ సంస్థో వద్దులెండి. ఇద్దరు రివ్యూయర్లు. ఒకరు "నావెల్టీ లేదు" అన్నారు. ఇంకొకరు "బడ్జెట్ సమర్థనీయంగా లేదు" అన్నారు. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే వచ్చినవి ఐదు మాటలు.

ఇప్పుడు మా కాలేజీలో బయటి నుంచి ఒకాయన్ని పిలిపించి రెండు రోజుల ట్రైనింగ్ పెడుతున్నారు. మనిషికి మూడు వేలు. భోజనం, సర్టిఫికెట్ కలిపి. ప్రిన్సిపాల్ గారు "ముఖ్యంగా నువ్వు కూర్చోవాలి" అన్నారు, స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఉండగా. నాది తాగునీటిలో ఫ్లోరైడ్ టాపిక్. బడిలో నా బెంచీ మీద కూర్చున్నవాళ్ళ పళ్ళు, కాళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ టాపిక్ వదలలేను. ఇలాంటి ట్రైనింగుల వల్ల ఎవరికైనా నిజంగా గ్రాంట్ వచ్చిందా? వస్తే ఏం నేర్పారు?

సిగ్గులేని_స్కాలర్
గ్రాంట్ సంగతి తెలీదు సార్, భోజనం మాత్రం బాగుంటుంది. మా దగ్గర రెండోరోజు గులాబ్‌జామ్ పెట్టారు.

పిప్పెట్_పంతులు
నేను అలాంటివి మూడు చేశాను. మూడింటిలోనూ అవే స్లైడ్లు. "టైటిల్ ఆకర్షణీయంగా ఉండాలి", "ఆబ్జెక్టివ్స్ స్పష్టంగా ఉండాలి", "టైమ్‌లైన్‌కి గాంట్ చార్ట్ పెట్టండి". సరే అయ్యా, ఉండాలి. ఎలా ఉంచాలో ఎవరూ చెప్పరు. మనం పెట్టిన ప్రపోజల్ ఒక్కటీ తెరిచి చూడరు. వంట నేర్పిస్తామని పిలిచి కూర రుచిగా ఉండాలని చెప్పి పంపినట్టు.

పేరు_చూసి_మార్కులు
అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. కవర్ పేజీ మీద పెద్ద సంస్థ పేరుంటే నావెల్టీ దానంతటదే వస్తుంది. జిల్లా కాలేజీ అయితే ఐన్‌స్టీన్ రాసినా "నావెల్టీ లేదు". మూడు వేలు దాచుకోండి.

మూడో_రివ్యూయర్
రిటైరయ్యాను కాబట్టి నిర్మొహమాటంగా చెప్పగలను. కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నాను. రెండు రోజుల్లో నలభై దాకా ప్రపోజల్స్ ముందుంటాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చే ఇరవై ఏడోదాని గురించి ఆలోచించండి. చదివేవాడిది మీ సబ్జెక్టే అయినా మీ టాపిక్ కాదు. మొదటి పేజీలో వాడికి మూడు సంగతులు దొరకాలి: ఏం తెలీదు, తెలీకపోతే ఎవరికి ఏం నష్టం, దాన్ని మీరే ఎందుకు తేల్చగలరు. నాలుగో పేజీలో దొరికితే ఆలస్యమైనట్టే.

పేరు చూసి మార్కులు వెయ్యరు అని అనను. కొన్నిసార్లు వేస్తారు. కానీ "నావెల్టీ లేదు" అన్న మాట వెనక ఎక్కువసార్లు ఉండేది "నాకు కనబడలేదు" అన్నదే. బోరు గారూ, మీ సమ్మరీలో మొదటి పేరా ఇక్కడ పెట్టండి. ట్రైనింగ్ సంగతి తరవాత చూద్దాం.

పేరు_చూసి_మార్కులు
"కొన్నిసార్లు వేస్తారు" అని ఒప్పుకున్నందుకు థాంక్స్ సార్. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

నల్లగొండ_బోరు
ఇంగ్లిష్‌లో రాసినదాన్ని తెలుగులో పెడుతున్నా. నవ్వకండి.

"నీరు సమస్త జీవరాశికి ప్రాణాధారం. ప్రపంచవ్యాప్తంగా కోట్లాది మంది సురక్షితమైన తాగునీరు లేక అల్లాడుతున్నారు. తాగునీటిలోని ప్రమాదకరమైన కాలుష్య కారకాలలో ఫ్లోరైడ్ ఒకటి. ఈ నేపథ్యంలో మునగ గింజల నుంచి తక్కువ ఖర్చుతో, పర్యావరణహితమైన అధిశోషకాన్ని (ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే పదార్థాన్ని) తయారుచేసి, అల్యూమినియం పూతతో దాని సామర్థ్యాన్ని పెంచి, సమగ్రంగా అధ్యయనం చేయాలని ప్రతిపాదిస్తున్నాము."

సిగ్గులేని_స్కాలర్
నీరు ప్రాణాధారమని రివ్యూయర్‌కి తెలియజేసినందుకు ఆయన కృతజ్ఞుడై ఉంటాడు సార్.

మూడో_రివ్యూయర్
స్కాలర్ వెక్కిరించినా సంగతి అదే. మొదటి మూడు వాక్యాలు కొట్టేస్తే నష్టమేమైనా ఉందా? లేదు. అంటే మీ ప్రపోజల్ నాలుగో వాక్యంలో మొదలవుతోంది. ఆ నాలుగోదాంట్లో ఉన్నది పని, ప్రశ్న కాదు. "తయారుచేసి అధ్యయనం చేస్తాం" అంటే రివ్యూయర్‌కి వెంటనే గుర్తొచ్చేది ఇదివరకు చదివిన చింతగింజ, వేపాకు, వరిపొట్టు, కొబ్బరిపీచు, అరటితొక్క పేపర్లు. మీది మునగ గింజ. ఆయన దృష్టిలో మారింది గింజ ఒక్కటే.

కనిగిరి_కుర్రాడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మన దేశంలో మొదట రాసింది మా వైపు గురించే. 1937లో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 'నల్గొండ టెక్నిక్' అని పేరు మాత్రం మీకు పోయింది. పటిక, సున్నం వేసి నీళ్ళు తేర్చే పద్ధతి, నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు చేసినది. ఇంత చరిత్ర ఉన్నచోట 'కొత్త' అనాలంటే కొంచెం జాగ్రత్తగా అనాలి అన్నా.

నల్లగొండ_బోరు
ఆ పేరు మీరే తీసుకోండి తమ్ముడూ, సంతోషంగా ఇస్తాం.

నెల్లూరు_మొలగొలుకులు
బోరు గారూ, మూడో రివ్యూయర్ సార్ కంటే నేను కొంచెం మెత్తగా చెబుతా. ఎంటమాలజీ నాది. 2021 చివర్లో గుంటూరు వైపు, ఖమ్మం వైపు మిరప తోటలకి నల్ల తామరపురుగు వచ్చి రైతులు చేలు దున్నేశారు, గుర్తుందా? పూతలోనే దూరేది. నేను అప్పటికి రెండేళ్ళుగా తామరపురుగుల మీద ప్రపోజల్ పెడుతున్నా. "త్రిప్స్ వైవిధ్యం, జీవావరణంపై అధ్యయనం" అని ఉండేది టైటిల్. రెండుసార్లు పోయింది.

మూడోసారి మా ఆయనకి ఇచ్చా. ఆయన బ్యాంకులో క్రెడిట్ చూస్తారు. పురుగుల గురించి ఓనమాలు కూడా రావు. లోన్ ఫైల్ చదివినట్టు చదివి నాలుగు అడిగారు: "ఈ డబ్బు ఇవ్వకపోతే ఏం ఆగిపోతుంది? ఇంతకుముందు ఎవరైనా ఇదే పనికి తీసుకున్నారా? వాళ్ళది ఎక్కడ ఆగింది? మొదటి ఏడాది నువ్వు అనుకున్నట్టు జరగకపోతే రెండో ఏడాది ఏం చేస్తావు?" చివరిదానికి నా దగ్గర జవాబు లేదు. నా రెండో ఆబ్జెక్టివ్ మొత్తం మొదటిదాని మీద కూర్చుని ఉంది, అది పడితే ఇదీ పడుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విడగొట్టి మళ్ళీ రాశా. వచ్చింది.

దానివల్లే వచ్చిందని అనను. ఆ ఏడాది పురుగు పేపర్లలోకి ఎక్కింది కాబట్టి కమిటీకీ అవసరం కనబడి ఉంటుంది. కానీ రెండు రోజుల స్లైడ్లకంటే ఆ ఒక్క సాయంత్రం నయం.

సిగ్గులేని_స్కాలర్
మేడమ్, బావగారి ఫీజు ఎంత?

నెల్లూరు_మొలగొలుకులు
చేపల పులుసు.

న్యూజెర్సీ_బావ
మా దగ్గర ఎన్‌ఐహెచ్‌లో (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) పెద్ద గ్రాంట్లకి ఒక పేజీ 'స్పెసిఫిక్ ఎయిమ్స్' ఉంటుంది. అసలు ప్లాన్ పన్నెండు పేజీలు. కమిటీలో దాన్ని పూర్తిగా చదివి రావలసినవాళ్ళు ముగ్గురు. మిగతా ఇరవై మందీ మీటింగ్ జరుగుతుండగా చూసేది ఆ ఒక్క పేజీనే. స్కోరు 1 నుంచి 9, ఒకటి మంచిది. దాదాపు సగం దరఖాస్తులు అసలు చర్చకే రావు. అందుకని మా యూనివర్సిటీలో కోచింగ్ అంటే ఆ ఒక్క పేజీ మీదే ఆరు వారాలు. వారానికోసారి ఐదుగురం కూర్చుంటాం, ఎవరి పేజీ వాళ్ళు పెద్దగా చదవాలి. నోరు తడబడిన చోట గీత గీస్తారు. మిగతా పన్నెండు పేజీల సంగతి ఎవరూ ఎత్తరు.

పిప్పెట్_పంతులు
బావా, మీ దగ్గర దానికో ఆఫీసు, జీతమిచ్చి పెట్టుకున్న మనుషులు ఉంటారు. మా దగ్గర వారానికి పదహారు క్లాసులు, ఇన్విజిలేషన్, నాక్ (కాలేజీకి గ్రేడ్ ఇచ్చేవాళ్ళ) ఫైళ్ళు, ఎలక్షన్ డ్యూటీ. ఆరు వారాలు ఎవరిస్తారు?

న్యూజెర్సీ_బావ
ఒప్పుకుంటా. కానీ మేం కూర్చునేది గంటే, చాయ్‌తో కలిపి. ఎనిమిది నెలల ఎదురుచూపుతో పోలిస్తే ఆరు గంటలు ఎంత చెప్పు.

పాలమూరు_వలస
నాది సోషియాలజీ. ఇక్కడ చెప్పేదంతా ల్యాబ్ లెక్కలో ఉంది. వలస కుటుంబాల మీద ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కి (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) రాస్తూ ఒక ట్రైనర్‌కి చూపిస్తే "మీ పరికల్పన (హైపాథసిస్) ఏది, ఇండిపెండెంట్ వేరియబుల్ ఏది" అని కూర్చున్నాడు. నేను ఆరు ఊళ్ళలో పద్దెనిమిది నెలలు ఉండి, మనుషులు చెప్పేది విని రాస్తానంటే "శాంపుల్ సైజు చాలదు" అన్నాడు. కోచ్ అంటే తనకొచ్చిన ఒక్క అచ్చులో అందర్నీ పోసేవాడా?

మూడో_రివ్యూయర్
మీ ట్రైనర్ తప్పు. కానీ "మనుషులు చెప్పేది వింటాను" అని మాత్రమే రాసినా కమిటీ ఇవ్వదు. ఆ ఆరే ఊళ్ళు ఎందుకు, ఎవరిని వింటారు, ఎవరు మీతో మాట్లాడరు, ఎప్పుడు చాలనుకుంటారు? ఇవి చెబితే పరికల్పన లేకపోయినా ప్లాన్ ఉన్నట్టే.

పాలమూరు_వలస
"ఎవరు మీతో మాట్లాడరు" అన్నది బాగుంది. వలస తీసుకెళ్ళే మేస్త్రీలు మాట్లాడరు. అది ప్రపోజల్లో రాయొచ్చని ఎప్పుడూ అనుకోలేదు, బలహీనత అనుకున్నా.

అరవై_పేజీలు
మా సీనియర్ ఒకాయన పాతిక వేలిచ్చి బయట ఎవరిచేతో రాయించుకున్నాడు. ఇంగ్లిష్ అద్భుతం. ప్రెజెంటేషన్‌కి పిలిచారు. కమిటీలో ఒకరు "రెండో ఆబ్జెక్టివ్‌లో ఈ మోడల్ ఎందుకు ఎంచుకున్నారు?" అనడిగితే ఈయన స్లైడ్ వైపు తిరిగి మళ్ళీ చదివాడట. పోయింది. పాతిక వేలు కూడా.

సిగ్గులేని_స్కాలర్
ఇప్పుడు ఆ పాతిక వేలు కూడా అక్కర్లేదు కదా, చాట్‌జీపీటీ ఉందిగా.

మూడో_రివ్యూయర్
ఉంది. అందుకే ఈమధ్య నాకు ఎవరు చూపించినా మొదటి పేరాలన్నీ కవలపిల్లల్లా ఉంటున్నాయి. ఇంగ్లిష్ సరిచేసుకోవడానికి వాడితే నాకేం పేచీ లేదు. ప్రశ్న కూడా దాన్నే అడిగితేనే చిక్కు.

న్యూజెర్సీ_బావ
ఇక్కడ రూల్సే వచ్చాయి. రివ్యూయర్లు వేరేవాళ్ళ దరఖాస్తుని అలాంటి టూల్స్‌లో పెట్టకూడదని 2023లోనే ఎన్‌ఐహెచ్ చెప్పేసింది. 2025లో ఇంకో అడుగు ముందుకేసి, ఎక్కువ భాగం ఏఐతో తయారైన దరఖాస్తులు తీసుకోమంది. ఒకాయన ఏడాదికి ఆరుకి మించి పెట్టకూడదని కూడా పెట్టింది. ఎవరో కుప్పలుతెప్పలుగా పెట్టి ఉంటారు.

యూసీ_రాలేదు
ఇంతసేపు చదివి ఊరుకున్నా. ఒక యూనివర్సిటీ ప్రాజెక్ట్ సెల్‌లో అకౌంట్స్, యూసీలు (గ్రాంట్ డబ్బు ఖర్చయిందని ఇచ్చే సర్టిఫికెట్లు) చూస్తా. ఇందాకటి నుంచి అందరూ మొదటి రివ్యూయర్ గురించే. రెండోవాడన్న "బడ్జెట్ సమర్థనీయంగా లేదు" ఎవరికీ పట్టలేదు. సార్, బడ్జెట్ ఇక్కడ పెట్టండి.

నల్లగొండ_బోరు
మొత్తం 30 లక్షలు, మూడేళ్ళు. అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్ (ఏఏఎస్) 16 లక్షలు. ఒక జేఆర్‌ఎఫ్ (ఫెలోషిప్ మీద పనిచేసే రీసెర్చ్ స్కాలర్), మొదటి రెండేళ్ళు నెలకి 31 వేలు, మూడో ఏడాది 35 వేలు, మొత్తం 11.64 లక్షలు. మిగిలింది కెమికల్స్, ప్రయాణాలు, కంటింజెన్సీ.

యూసీ_రాలేదు
అయ్యో సార్.

ఒకటి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి 1 నుంచి 37 వేలు, మూడో ఏడాది ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయ్యాక 42 వేలు. మీరు పాత రేటు వేశారు. కొత్తది వేస్తే 13.92 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ కాకుండా.

రెండు. ఆ 16 లక్షలు కొటేషన్‌లో పన్నుకి ముందు రేటేనా? పరిశోధన సంస్థలకి 5 శాతం జీఎస్టీ రాయితీ ఉండేది, అది 2022 జులైలో తీసేశారు. 18 శాతం కలిపితే 18.88 లక్షలు. ఈ రెండూ కూడితే 32.80. సీసా కెమికల్ కొనకముందే మీరు 30 దాటేశారు. ఇది చూసిన రివ్యూయర్ "ఈయన కొటేషన్ కింద వరకు కూడా చదవలేదు" అనుకుంటాడు.

మూడోది మీరే చెప్పాలి, నేను కామర్స్ వాణ్ణి. ఆ మెషీన్ ఫ్లోరైడ్ కొలుస్తుందా?

నల్లగొండ_బోరు
...కొలవదు. అది మెటల్స్‌కి. ఫ్లోరైడ్‌కి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ చాలు, అది మా ల్యాబ్‌లో ఉంది. పూతలోంచి అల్యూమినియం నీళ్ళలోకి దిగుతుందేమో చూడటానికి ఏఏఎస్ పెట్టా. తాగునీటిలో అల్యూమినియంకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకి 0.03 మిల్లీగ్రాములు, వేరే నీరు లేకపోతే 0.2 దాకా. నిజం చెప్పాలంటే ప్రిన్సిపాల్ గారు "ఏదైనా పెద్ద ఇన్‌స్ట్రుమెంట్ పెట్టు, డిపార్ట్‌మెంట్‌కి మిగులుతుంది" అన్నారు.

పిప్పెట్_పంతులు
ఈ వాక్యం ప్రతి కాలేజీలోనూ విన్నా. అది డిపార్ట్‌మెంట్‌కి మిగలదు సార్, కవర్ కప్పుకుని మూలన మిగులుతుంది. ఏఎంసీకి (ఏటా కట్టే మెయింటెనెన్స్‌కి) డబ్బుండదు.

యూసీ_రాలేదు
ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి. ప్రభుత్వ డబ్బుతో కొన్న పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో ఉంటాయి, బుక్ చేసుకుని శాంపుల్‌కింత అని కట్టొచ్చు. ఆ హెడ్ (పద్దు) కింద లక్షో లక్షన్నరో వేసుకుంటే 18.88 లక్షల పీడ వదులుతుంది. పైగా నాకు జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్) టెండర్ పెట్టే పని తప్పుతుంది. ఒకసారి శాంక్షనయ్యాక ఈ హెడ్ లోంచి ఆ హెడ్ లోకి మార్చాలంటే పైనుంచి అనుమతి కావాలి, ఆ ఉత్తరం రావడానికి మీ జేఆర్‌ఎఫ్ పెళ్ళి కూడా అయిపోతుంది. బడ్జెట్ అంటే ప్రపోజల్ చివర అంటించే కాగితం కాదు సార్. నేను చదవడం అక్కణ్ణుంచే మొదలుపెడతా.

మూడో_రివ్యూయర్
నేనూ అంతే. బడ్జెట్ చూస్తే ఎవరు ఏం చెయ్యదలుచుకున్నారో తెలిసిపోతుంది. మీది నాకు "ఏఏఎస్ కొనాలి, అందుకు ఫ్లోరైడ్ కారణం" అని చదివినట్టుంది.

పేరు_చూసి_మార్కులు
పాపం, మనిషి మూడు వేలు దండగా అని అడిగితే అందరూ కలిసి పోస్ట్‌మార్టం చేస్తున్నారు.

నల్లగొండ_బోరు
కానివ్వండి. ఇంతకుముందు ఎవరూ ఇంతసేపు చదవలేదు.

కనిగిరి_కుర్రాడు
అన్నా, ఒక డౌటు. మీ వైపు మిషన్ భగీరథ వచ్చాక ఇళ్ళకి కృష్ణా నీళ్ళే కదా వస్తున్నాయి? మరి మీ మునగ గింజల ఫిల్టర్ ఎవరు వాడతారు?

మూడో_రివ్యూయర్
ఇదే నేను అడగబోతున్నా. ప్రపోజల్లో ఒక్కచోటైనా ఆ మాట ఎత్తారా?

నల్లగొండ_బోరు
ఎత్తలేదు. ఎత్తితే టాపిక్ అవసరం లేదంటారని భయం.

మూడో_రివ్యూయర్
దాస్తే రివ్యూయర్‌కి తెలీదనుకున్నారా? ఆయనా పేపర్ చదువుతాడు. మీరు ఏది దాస్తున్నారో దాంట్లోనే సాధారణంగా ప్రశ్న ఉంటుంది. సరే, చెప్పండి. ఇంటికి మంచినీళ్ళు వచ్చాయి. ఇంకా బోరునీళ్ళు ఎవరు తాగుతున్నారు?

నల్లగొండ_బోరు
పొలాల దగ్గర. పత్తి ఏరేవాళ్ళు, బత్తాయి తోటల్లో పనిచేసేవాళ్ళు పొద్దున ఒక సీసా తెచ్చుకుంటారు, పదింటికల్లా అయిపోతుంది. తరవాత మోటారు దగ్గర పట్టుకోవడమే. ఎండాకాలం మరీ ఎక్కువ. ఎండాకాలంలో కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది, కొన్నింట్లో వానల తరవాత పెరుగుతుంది, అది మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నెల్లూరు_మొలగొలుకులు
ఆగండి ఆగండి. పెరుగుతుందని మీకెలా తెలుసు?

నల్లగొండ_బోరు
2021 నుంచి ఏటా మా ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టు కింద కొలుస్తున్నారు మేడమ్. మర్రిగూడ, నాంపల్లి వైపు అరవై రెండు బోర్లు. మే నెలలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. ఆ బోర్లే, ప్రతి ఏడూ. మా ఎక్సెల్ షీట్లో ఉంది.

నెల్లూరు_మొలగొలుకులు
అది ప్రపోజల్లో ఎక్కడ పెట్టారు?

నల్లగొండ_బోరు
పెట్టలేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కదా, రీసెర్చ్ అనుకోలేదు.

పిప్పెట్_పంతులు
🤦

న్యూజెర్సీ_బావ
బాబూ. ప్రిలిమినరీ డేటా లేదని ఇక్కడ జనం ఏడుస్తుంటే అరవై రెండు బోర్ల లెక్క ఎక్సెల్లో దాచుకుని మునగ గింజల గురించి రాశావా?

మూడో_రివ్యూయర్
"దాన్ని మీరే ఎందుకు తేల్చగలరు" అని పైన అడిగాను. ఇదీ జవాబు. పెద్ద పేరున్న సంస్థవాడు ఎంత ఖరీదైన మెషీన్ కొన్నా 2021 మే నెల నీళ్ళు ఇప్పుడు తెచ్చుకోలేడు. మార్కులు గారూ, మీరన్న పేరుకి ఇక్కడ ఈయన దగ్గర విరుగుడుంది.

పేరు_చూసి_మార్కులు
ఒప్పుకుంటా. ఈ ఒక్క కేసులో.

నెల్లూరు_మొలగొలుకులు
అయితే ఫిల్టర్‌ని పక్కన పెట్టండి. (చంపమనట్లేదు, పక్కన.) ప్రశ్న ఇలా మారుతుందేమో చూడండి: ఇంటికి శుభ్రమైన నీళ్ళు వచ్చాక కూడా పొలం పనిచేసేవాళ్ళ ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎంత పోతోంది, ఏ నెలల్లో, ఏ బోర్ల నుంచి? ఒంట్లోకి ఎంత పోతోందో మూత్రంలో ఫ్లోరైడ్ చూసి అంచనా వేస్తారు కదా, మీ ఎలక్ట్రోడే సరిపోతుంది.

అరవై_పేజీలు
మనుషుల శాంపుల్స్ అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మెడికల్ కాలేజీ నుంచి కో-పీఐ (ప్రాజెక్టులో తోటి పరిశోధకుడు) లేకపోతే అక్కడే ఆపేస్తారు. అప్పుడిది కెమిస్ట్రీ ప్యానెల్‌కి వెళ్ళాలా, ఐసీఎంఆర్‌కి (వైద్య పరిశోధన మండలి) వెళ్ళాలా అన్నది ముందే తేల్చుకోండి. నాది ఒకసారి రెండు ప్యానెళ్ళ మధ్య పడి, ఇద్దరూ "మాది కాదు" అన్నారు.

కనిగిరి_కుర్రాడు
కూలీలు రోజుకి ఎన్ని చాయ్‌లు తాగుతారో కూడా అడగాలి అన్నా.

సిగ్గులేని_స్కాలర్
ఈ తమ్ముడు నాకంటే పెద్ద జోకర్.

కనిగిరి_కుర్రాడు
జోక్ కాదు. తేయాకులో ఫ్లోరైడ్ ఎక్కువుంటుంది. మా దగ్గర సర్వే చేసినప్పుడు అది అడగకుండా మొత్తం నీళ్ళ మీద వేసేశాం, వైవాలో ఎక్స్‌టర్నల్ పట్టుకున్నాడు. బోరునీళ్ళతోనే కాచిన చాయ్ అయితే ఇంకా డబుల్.

మూడో_రివ్యూయర్
ఈ కుర్రాణ్ణి ఎవరైనా జేఆర్‌ఎఫ్‌గా తీసుకోండి.

నల్లగొండ_బోరు
నెట్ క్వాలిఫికేషన్ ఉందా తమ్ముడూ?

కనిగిరి_కుర్రాడు
ఉందన్నా. 37 వేలే కదా, 31 కాదు కదా.

పాలమూరు_వలస
బయటివాడిగా ఒక మాట. పొలం దగ్గర నీళ్ళు ఎవరు తాగుతారన్నది అందరికీ ఒక్కటి కాదు. ఆసామి ఇంటి నుంచి క్యాన్ తెప్పించుకుంటాడు. కూలీకి ఆ క్యాన్ ఇస్తారా లేదా అన్నది ఊరిని బట్టి, కులాన్ని బట్టి ఉంటుంది. అది అడగకుండా సగటు తీస్తే మీ లెక్క తప్పుతుంది. కావాలంటే ప్రశ్నల పట్టిక నేను చూసి పెడతా. పరికల్పన మాత్రం అడగొద్దు.

యూసీ_రాలేదు
కో-పీఐ వేరే సంస్థ అయితే డబ్బు ఎవరి ఖాతాకి ఎంత వెళ్ళాలో మొదటే విడివిడిగా రాయండి. తరవాత నన్ను పంపమని అడగొద్దు.

పిప్పెట్_పంతులు
బోరు గారూ, ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోండి. కేంద్రం తరఫున సైన్సు గ్రాంట్లిచ్చే ఎస్‌ఈఆర్‌బీ, ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది కాబట్టి పాత నోటిఫికేషన్ పీడీఎఫ్‌లు పట్టుకుని రాయకండి, ఫార్మాట్లు మారాయి. రాష్ట్ర యూనివర్సిటీలకీ కాలేజీలకీ విడిగా ష్యూర్ అని ఒకటుంది. దానికంటే మీకు టేర్ అనే పథకం మంచిదేమో. మన ఉద్యోగం మనం చేసుకుంటూనే దగ్గర్లోని పెద్ద సంస్థలో పనిచేసుకోవచ్చు, మూడేళ్ళు. ఏడాదికి 5 లక్షల గ్రాంట్, సగం వాళ్ళకి సగం మన కాలేజీకి. హైదరాబాద్ మీకు రెండు గంటలే. మెషీన్ కొనక్కర్లేదు, వాళ్ళది వాడుకుంటారు.

పేరు_చూసి_మార్కులు
అంటే పెద్ద సంస్థ పేరు కవర్ పేజీ మీదికి వస్తుంది. నేను మొదట చెప్పింది అదే.

పిప్పెట్_పంతులు
గెలిచారు. సంతోషమేనా?

నల్లగొండ_బోరు
నిన్న రాత్రి కూర్చుని రాశా. మా ఆవిడ తెలుగు టీచర్, ఆవిడకి వినిపించా. బ్యాంకు మేనేజర్ దొరకలేదు.

"నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ గ్రామాలకు కృష్ణా నీరు వచ్చింది. కానీ పొలాల్లో పనిచేసేవారు పగలంతా ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నారు. ఆ నీటి ద్వారా వారి శరీరంలోకి ఎంత ఫ్లోరైడ్ చేరుతోందో ఎవరూ లెక్కించలేదు. 2021 నుంచి మేము 62 వ్యవసాయ బోర్లలో ఏటా రెండుసార్లు ఫ్లోరైడ్‌ను కొలుస్తున్నాము. కొన్ని బోర్లలో అది వేసవిలో, కొన్నింటిలో వర్షాల తరవాత పెరుగుతోంది. ఈ తేడాకు కారణాన్ని, దాని వల్ల కూలీలకు కలిగే ప్రభావాన్ని సమగ్రంగా పరిశీలిస్తాము."

మూడో_రివ్యూయర్
ఇప్పుడు ఇరవై ఏడోదైనా చదువుతా. రెండు సవరణలు. "ఎవరూ లెక్కించలేదు" అనే ముందు లిటరేచర్ మళ్ళీ గాలించండి, ఒక్క పేపర్ తప్పినా ఆ వాక్యం మీ మెడకి చుట్టుకుంటుంది. చివరి వాక్యంలో "సమగ్రంగా" తీసెయ్యండి. మూడేళ్ళలో సమగ్రంగా ఎవరూ ఏదీ చెయ్యరు.

నెల్లూరు_మొలగొలుకులు
"కారణం", "ప్రభావం" రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి, అవి రెండు ఆబ్జెక్టివ్స్. కారణం దొరక్కపోయినా ప్రభావం కొలవొచ్చు కదా? విడగొట్టండి. మా ఆయన అడిగి నా నిద్ర పాడుచేసిన ప్రశ్న అదే.

న్యూజెర్సీ_బావ
శనివారం మీకు రాత్రి ఎనిమిది, నాకు పొద్దున. ఎవరి పేజీ వాళ్ళు తెచ్చుకోండి, గంట కూర్చుందాం. పెద్దగా చదవాలి. పంతులూ, నువ్వు కూడా.

పిప్పెట్_పంతులు
ఈ శనివారం ఇన్విజిలేషన్. వచ్చే శనివారం.

సిగ్గులేని_స్కాలర్
మరి ట్రైనింగ్‌కి వెళ్తున్నారా సార్, లేదా?

నల్లగొండ_బోరు
వెళ్ళక తప్పదు, పేరు రాసేశారు. ఈ పేజీ పట్టుకెళ్ళి ఆయన్ని దీని మీదే అడుగుతా. చదివితే మూడు వేలు వచ్చినట్టే.

యూసీ_రాలేదు
అంతా బాగుంది. సార్, మీ కాలేజీ వాళ్ళు ఇదివరకు సీడ్ మనీ ఏమైనా ఇచ్చారా?

నల్లగొండ_బోరు
రెండు లక్షలు, రెండేళ్ళ కిందట. ఎందుకు?

యూసీ_రాలేదు
దాని యూసీ ఇచ్చారా?

నల్లగొండ_బోరు
బిల్లులు ఎక్కడో ఉండాలి. వెతుకుతా.